చేతికి చూపు వచ్చే చదువు

అండం విడుదలైన పద్నాలుగో రోజు ఉదయం. ఆడగుర్రం ట్రెవిస్‌లో, అంటే కదలకుండా నిలబెట్టే చట్రంలో, నిలబడి ఉంది. గుర్రాన్ని చూసుకునే సైసు ముందు నిలబడి మెడ నిమురుతున్నాడు. డాక్టరు చెయ్యి భుజందాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని గుర్రం పేగులోపల ఉంది. అరచేతిలో స్కానర్ ప్రోబు. పక్కన తెరమీద, బూడిదరంగు మసకలో, నల్లటి గుండ్రటి చుక్క ఒకటి కనబడింది. అడ్డంగా కొలిస్తే 15 మిల్లీమీటర్లు, కుంకుడుగింజకంటే కొంచెం పెద్దది. చూలు నిలిచింది. తెలియనివాడు అక్కడితో చెయ్యి బయటికి తీసి యజమానికి శుభవార్త చెబుతాడు. తెలిసినవాడు తియ్యడు. గర్భాశయంలో ఒక కొమ్ము కొసన మొదలుపెట్టి, నడిమి భాగం మీదుగా రెండో కొమ్ము కొసదాకా, మళ్లీ వెనక్కి గర్భద్వారందాకా, వేలెడు జాగా వదలకుండా ప్రోబు నడిపిస్తాడు. అప్పుడు ఎడమ కొమ్ము చివర రెండో చుక్క కనబడుతుంది.

గుర్రంలో కవలలంటే సంబరం కాదు, గండం. గుర్రపు మాయ గర్భాశయం లోపలిగోడ మొత్తానికీ అంటుకుని పోషణ పీల్చుకుంటుంది. ఇద్దరు పంచుకుంటే ఇద్దరికీ చాలదు. నెలలు నిండకముందే, అదీ చాలాసార్లు ఏడెనిమిది నెలలు మోసిన తర్వాత, మన పల్లెల్లో అన్నట్టు, ఈసుకుపోతుంది. ఏడాది పోతుంది, ఒక్కోసారి తల్లి ప్రాణంమీదికీ వస్తుంది. అందుకే డాక్టరు ఆ రెండింటిలో చిన్నదాన్ని ప్రోబుతోనే మెల్లగా కొమ్ము కొసకు తోసుకుంటూ పోయి, పెద్దదానికి దూరం చేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కుతాడు. చిన్న బుడగ చిట్లినట్టు వేళ్లకు తెలుస్తుంది. తెరమీద ఆ చుక్క ఉండదు. చెయ్యి తిరిగినవాళ్లు ఈ సమయంలో చేస్తే పదింట తొమ్మిదిసార్లకు పైగా రెండో పిండం క్షేమంగా నిలుస్తుంది. పదహారో రోజు దాటితే పిండాలు ఒకచోట కుదురుకుంటాయి. రెండూ ఒకే కొమ్ములో పక్కపక్కన కుదురుకున్నాయంటే విడదీయడం కష్టం. ముప్పై అయిదో రోజు దాటితే ఇంకా పెద్ద చిక్కు: అప్పటికి గర్భాశయం గోడలో ఒక రకం కణాలు గిన్నెల్లా నాటుకుని హార్మోను వదలడం మొదలుపెడతాయి. ఆ తర్వాత చూలు పోయినా గుర్రం నెలల తరబడి సరిగ్గా ఎదకు రాదు. ఆ సీజను పోయినట్టే.

వేళ్ల మధ్య జరిగే ఈ చిన్న పని వెనక ఎంత చదువు ఉందో చెప్పాలని ఈ వ్యాసం. డాక్టరు పట్టా చేతికొచ్చాక, పదేళ్లో ఇరవయ్యేళ్లో పనిచేశాక, మళ్లీ బెంచీమీద కూర్చుని నేర్చుకునే చదువు ఇది. గుర్రాలు పెంచేవాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు.

మనవైపు పశువైద్యులు చెయ్యి తిప్పుకునేది ఆవులమీద, గేదెలమీద. ఆ చేత్తో గుర్రం దగ్గరికి పోతే మొదటిరోజే తెలుస్తుంది, ఇది వేరే దేశమని. ఆవు గర్భాశయం పొట్టేలు కొమ్ముల్లా చుట్టుకుని ఉంటుంది. వేళ్లకు తగిలించి కొంచెం వెనక్కి లాక్కోవచ్చు. గుర్రం గర్భాశయం రెండువైపులా చేతులు చాపినట్టు నడుము కింద పొరకు వేలాడుతుంది. లాగితే రాదు, దాని దగ్గరికి మనమే పోవాలి. మన ఊళ్లో గోపాలమిత్ర ఆవుకు చూలుకోసం సూది వేసేటప్పుడు ఎడమచేత్తో పేగులోంచి గర్భద్వారాన్ని గట్టిగా పట్టుకుంటాడు. గట్టి కండతో, లోపల మడతలతో చేతికి చక్కగా దొరుకుతుంది. ఎదలో ఉన్న గుర్రం గర్భద్వారం మెత్తగా జారిపోతుంది. అందుకని చెయ్యి శుభ్రంగా కడిగి తొడుక్కుని, యోని మార్గంలోనే పోనిచ్చి, వేలితో దారి చూపిస్తూ వీర్యపు గొట్టాన్ని లోపలికి పంపాలి. ఆవు అండాశయం మీద ఎక్కడైనా అండం విడుదలవుతుంది. గుర్రం అండాశయం చిక్కుడుగింజ ఆకారంలో ఉండి, దాని పల్లంలో ఒక్కచోటునుంచి మాత్రమే అండాన్ని వదులుతుంది. లోపలి పొర బయటికి, బయటి పొర లోపలికి తిరగేసినట్టు ఉంటుంది దాని నిర్మాణం.

అన్నిటికన్నా పెద్ద తేడా పేగు. గుర్రం పేగు పలచన, తొందరగా చిరుగుతుంది. చిరిగితే ప్రాణాంతకం. కాబట్టి ఈ చదువులో మొదటిపాఠం అండాశయాన్ని ఎలా పట్టుకోవాలని కాదు, ఎప్పుడు పట్టుకోకూడదని. జారుడు ద్రవం ధారాళంగా వాడాలి. లద్దె అంతా చేత్తో తీసెయ్యాలి. పేగు బిగుసుకుందంటే చెయ్యి ఆపాలి. తోయకూడదు, లాగకూడదు, అది వదిలేదాకా నిలబడాలి. చెయ్యి బయటికి తీసిన ప్రతిసారీ తొడుగువైపు చూడాలి. నెత్తురు కనబడితే దాచకూడదు. ఆ క్షణమే యజమానికి చెప్పి వైద్యం మొదలుపెట్టాలి. ఈ మాట ఎంత అనుభవజ్ఞులకైనా మళ్లీ మళ్లీ చెబుతారు. నాకు ఈ బోధనలో అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఇదే: నేర్పు చూపించే ముందు నిదానం నేర్పుతారు.

అమెరికాలో రాకీ పర్వతాల పాదాన ఫోర్ట్ కాలిన్స్ అనే ఊరుంది. అక్కడి కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో గుర్రాల పునరుత్పత్తి ప్రయోగశాల ఈ చదువుకు పేరుమోసిన చోటు. బిల్ పికెట్, ఎడ్ స్క్వైర్స్, పాట్రిక్ మెక్యూ వంటి వాళ్లు పరిశోధన చేస్తూనే దశాబ్దాల తరబడి కొద్దిరోజుల కోర్సులు నడిపించారు. డాక్టర్లకు వేరే, గుర్రాలు పెంచేవాళ్లకు వేరే. కొంతసేపు పాఠం, కొంతసేపు కొట్టంలో గుర్రాల దగ్గర. 2011 జులైలో ఆ ప్రయోగశాల ప్రధాన భవనం మంటల్లో కాలిపోయింది. మళ్లీ కట్టుకున్నారు, మళ్లీ పాఠాలు చెప్పారు.

అక్కడ గానీ, ఇలాంటి మరోచోట గానీ నేర్పే పద్ధతిలో ఒక క్రమం ఉంది. తెర చూడకముందు చేత్తో తడమాలి. ఎడమ అండాశయం ఎంత ఉంది, దానిమీద ఫాలికిల్, అంటే అండం పెరిగే నీటిబుడగ, ఎంత ఉంది, గట్టిగా ఉందా మెత్తబడిందా అని పైకి చెప్పాలి. ఆ తర్వాతే యంత్రం పెట్టి కొలవాలి. చెయ్యి చెప్పిందీ తెర చెప్పిందీ పక్కపక్కన రాసుకోవాలి. ఎదలో ఫాలికిల్ రోజుకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరిగి, 35 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్యకు వచ్చాక చాలావరకు పగులుతుంది. అయితే కొలత ఒక్కటే చాలదు. గర్భాశయం గోడల్లో నీరు పట్టి తెరమీద బత్తాయి అడ్డంగా కోసినట్టు తొనలు తొనలుగా కనబడుతుంది. అండం విడుదలయ్యే వేళకు ఆ తొనలు తగ్గుముఖం పడతాయి. ఫాలికిల్ గుండ్రదనం పోయి ఒకవైపు సాగుతుంది, వేలికి మెత్తగా తగులుతుంది. ఈ మూడూ కలిపి చదవగలిగినవాడు 'రేపు రాత్రికి' అని చెప్పగలడు. కొన్ని గంటల తేడాలో చెప్పగలగడం విలువైన సంగతి. చల్లబరిచి పంపిన వీర్యం రెండ్రోజులు పనిచెయ్యొచ్చుగానీ, గడ్డకట్టించి నిలవ ఉంచిన వీర్యం లోపలికి వెళ్లాక పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటలే బతుకుతుంది. అండం అంతకన్నా తక్కువ. అందుకే గడ్డకట్టిన వీర్యం వాడేటప్పుడు చివర్లో ఆరుగంటలకొకసారి, అర్ధరాత్రి అయినా సరే, లేచి స్కాన్ చేస్తారు.

పరుగుపందేల థరోబ్రెడ్ గుర్రాల్లో కృత్రిమ గర్భధారణకు అనుమతి లేదు. మగగుర్రం స్వయంగా దాటితేనే పిల్ల పేరు రిజిస్టరులోకి ఎక్కుతుంది. హైదరాబాదు మలక్‌పేట మైదానంలో పరిగెత్తే ప్రతి థరోబ్రెడ్ అలా పుట్టిందే. గొప్ప మగగుర్రం సీజన్లో ఎన్నో ఆడగుర్రాలను దాటాలి, ఒక్కోదానికి రెండుమూడుసార్లు తీసుకుపోతే దాని సత్తువ చాలదు. ఒక్కసారి, సరైన పూట దాటించాలి. ఆ పూట ఏదో చెప్పేది ఈ చెయ్యే.

ఈ చదువుకు రూపం ఇచ్చినవాళ్లలో ఓ. జె. జింథర్ పేరు ముందు చెప్పాలి. విస్కాన్సిన్ యూనివర్సిటీలో పనిచేస్తూ 1979లో ఆడగుర్రం పునరుత్పత్తి జీవశాస్త్రంమీద పుస్తకం రాశారు. 1992లో దాన్ని మళ్లీ పెంచి రాశారు. 1980లో ఫ్రాన్స్‌లో పామర్, ద్రియాంకూర్ గుర్రాలకు పేగులోంచి అల్ట్రాసౌండ్ చేసి చూపించారు. ఆ యంత్రం జింథర్ చేతికొచ్చాక గర్భం లోపల ఎవరూ ఊహించని దృశ్యం బయటపడింది. గుర్రం పిండం ఒకచోట ఉండదు. తొమ్మిదో రోజునుంచి పదహారో రోజుదాకా, ముఖ్యంగా పదకొండు నుంచి పద్నాలుగు రోజుల మధ్య, గర్భాశయం మొత్తం తిరుగుతుంది. ఒక కొమ్ము కొసనుంచి ఇంకో కొమ్ము కొసదాకా, రోజులో పలుమార్లు. దాని చుట్టూ గట్టి తొడుగు ఉండబట్టి చితకదు. ఆవు పిండం ఇదే దశలో దారంలా సాగి గర్భాశయమంతా పరుచుకుంటుంది; గుర్రం పిండం గుండ్రంగానే ఉండి, ఊరూరా చాటింపు వేసే దండోరావాడిలా తిరుగుతుంది. చెప్పే కబురు ఒకటే: నేను వచ్చాను, ప్రోస్టాగ్లాండిన్ వదలొద్దు. గర్భాశయంలో ఎంతో కొంత భాగానికి ఆ కబురు అందకపోతే అక్కడినుంచి ఆ హార్మోను బయల్దేరి చూలును చెరిపేస్తుంది. పిండం తిరగడానికి జాగా లేకుండా చేస్తే చూలు నిలవదని కూడా ప్రయోగాలు చేసి చూశారు.

పిండం తిరుగుతుందని తెలిశాక వైద్యుడి పని మారిపోయింది. మొదట చెప్పిన ఆ పద్నాలుగో రోజు తెలివి అంతా ఇక్కడినుంచే వచ్చింది. కొసనుంచి కొసదాకా వెతకాలని, తిరుగుతున్నంతవరకే రెండింటినీ విడదీయడం తేలికని తెలిసింది ఈ పనివల్లే. ఇంకొక చిక్కు కూడా తీరింది. వయసుమళ్లిన గుర్రాల గర్భాశయంలో నీటిబుడ్డలు ఉంటాయి. తెరమీద అచ్చం పిండంలాగే నల్లగా గుండ్రంగా కనబడతాయి. మంచి పనివాడు సీజను మొదట్లోనే, దాటించకముందే, ఆ బుడ్డలన్నీ ఎక్కడెక్కడ ఎంతెంత ఉన్నాయో పటం గీసి పెట్టుకుంటాడు. పద్నాలుగో రోజు అనుమానం వస్తే పటం తీస్తాడు. అక్కడ ఉన్నదే ఉంటే అది బుడ్డ. అయినా తేలకపోతే కాసేపాగి మళ్లీ చూస్తాడు, మర్నాడు కొలుస్తాడు. పిండం కదులుతుంది, రోజుకు 3, 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బుడ్డ రెండూ చెయ్యదు. కాగితంమీద పెన్సిలుతో గీసిన ఆ పటాన్ని నేను శిల్పి వేసుకున్న రేఖాచిత్రంతో సమానంగా చూస్తాను.

మన పూర్వులు గుర్రం లక్షణాలు చూడటంలో తక్కువవాళ్లు కాదు. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం రాసిపెట్టాడు. రంగులు, సుళ్లు, నడకలు అన్నీ కంటితో చదివే విద్య అది. ఈ కొత్త విద్య కన్ను పోలేని చోటికి వేళ్లను పంపుతుంది. 1978లో రాబర్ట్ కెన్నీ ఇంకా లోపలికి పోయాడు. గర్భాశయం గోడలోంచి చిన్న ముక్క పట్టుకారుతో తెంచి, సూక్ష్మదర్శిని కింద చూసి, ఈ గుర్రం పిల్లను మోయగలదా లేదా అని తరగతులుగా విభజించాడు. మొదటి తరగతిలో ఉన్నదానికి 80 శాతానికి పైగా అవకాశం, చివరి తరగతిలో 10 శాతానికి లోపు. డబ్బు పోసి ముసలి గుర్రాన్ని కొనబోయే పెంపకందారుకు ఆ ఒక్క ముక్క చెప్పేది మామూలు విషయం కాదు.

మగగుర్రంవైపు పనితనం వేరే రకం. అక్కడ శత్రువులు కంటికి కనబడవు: చలి, ఎండ, నీటిబొట్టు, రబ్బరు. వీర్యం పట్టే కృత్రిమ యోనుల్లో కొలరాడో రకం అని ఒకటుంది. పొడుగ్గా, బరువుగా ఉండి వేడి చాలాసేపు నిలుపుకుంటుంది. మిస్సౌరీ రకం తేలిక, చేతికి వాటం, కానీ త్వరగా చల్లారుతుంది. ఏ గుర్రానికి ఏది సరిపడుతుందో పనివాడు కనిపెట్టాలి. వీర్యం పడ్డాక అద్దపు పలక మొదలు ప్రతి పాత్రా ఒంటి వేడికి వెచ్చబెట్టి ఉండాలి. చల్లటి గాజుకు తగిలితే శుక్రకణాలు అక్కడికక్కడే దెబ్బతింటాయి, చూసినవాడు గుర్రంలో లోపమని రాసేస్తాడు. నాకు బాగా గుర్తుండిపోయిన వివరం సిరంజిది. మామూలు సిరంజి పిడి చివర నల్లటి రబ్బరు ఉంటుంది కదా, ఆ రబ్బరు శుక్రకణాలకు విషం. అందుకని పిడి కూడా ప్లాస్టిక్‌దే అయిన సిరంజి వాడతారు. తెలియక ఏళ్ల తరబడి రబ్బరు సిరంజి వాడినవాడు గుర్రాన్నే నిందిస్తూ ఉంటాడు. ఒక్క రూపాయి వస్తువు దగ్గర ఒక సీజను పోతుందని తెలిసినప్పుడు, ఈ కోర్సుల్లో చిన్నచిన్న సంగతులకు అంతసేపు ఎందుకు పడుతుందో అర్థమవుతుంది.

మన దేశంలో ఈ విద్యకు పెద్దదిక్కు హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం, దాని బికనీర్ శాఖ. మార్వారీ జాతి గుర్రాలు తగ్గిపోతున్నాయన్న బెంగతో అక్కడివాళ్లు పిండమార్పిడి మొదలుపెట్టారు. ఏడున్నర రోజుల పిండాన్ని తల్లి గర్భంలోంచి ద్రవంతో కడిగి తీసి, వేరే గుర్రంలో పెట్టారు. 2023 మే 19న 23 కిలోల పిల్ల పుట్టింది, రాజ్ ప్రథమ్ అని పేరుపెట్టారు. ఆ తర్వాత గడ్డకట్టించి ఉంచిన పిండంనుంచి రాజ్ హిమానీ పుట్టింది. వినడానికి నాలుగు వాక్యాలు. కానీ మోసే గుర్రం అండం వదిలిన రోజు, ఇచ్చే గుర్రం వదిలిన రోజుకు ఒక రోజు ముందునుంచి మూడు రోజుల తర్వాతదాకా ఉన్న సందులో పడాలి. కడిగిన ద్రవంలో పిండాన్ని వెతికి పట్టాలి. మళ్లీ అదే తడమడం, అదే స్కాను, అదే రాత.

పెంపకందారులకు చెప్పే పాఠాల్లో నాకు ప్రాణప్రదంగా తోచేది ఈనే రాత్రి పాఠం. గుర్రం సుమారు 340 రోజులు మోస్తుంది, కానీ నెల అటూఇటూ కావొచ్చు, ఎక్కువగా రాత్రిపూటే ఈనుతుంది. అందుకని పొదుగునుంచి నాలుగు బొట్లు తీసి పాలలో కాల్షియం పెరిగిందేమో రోజూ చూడటం నేర్పుతారు. ఉమ్మనీరు పోయాక పిల్ల ఇరవై, ముప్పై నిమిషాల్లో బయటపడాలి. డాక్టరు కారెక్కేలోపు అయిపోయే పని. కాబట్టి అక్కడున్న మనిషికే తెలియాలి. ముందుగా తెల్లటి మెరిసే పొర కనబడితే సరే. ఎర్రగా, మఖమలు గుడ్డలా ఉన్న పొర ముందు కనబడితే మాయ ముందే ఊడిందని అర్థం, లోపల పిల్లకు ఊపిరి అందడంలేదు. ఫోన్ చేసి అడుగుతూ కూర్చోకూడదు. పొరను అప్పటికప్పుడు కోసి పిల్లను లాగాలి. ఈ ఒక్క ముక్క చెవిన పడ్డ సైసు ఎన్ని పిల్లలను బతికించి ఉంటాడో.

ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు అని వేళ్లమీద లెక్క. గంటలో పిల్ల లేచి నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లి మాయ వెయ్యాలి. గుర్రప్పిల్ల రోగాన్ని ఎదిరించే శక్తి లేకుండా పుడుతుంది. జున్నుపాలలోంచే అది రావాలి, ఒక్కరోజు గడిస్తే పేగు దాన్ని తీసుకోదు. ఇక మాయ సంగతి. గేదె మాయ వెయ్యకపోతే పొద్దున్న చూద్దామనుకుంటాం. గుర్రంలో మూడుగంటలు దాటితే అత్యవసరం. గర్భాశయానికి చీము పట్టి, ఆ విషం గిట్టలకు దిగి, నిలబడలేని స్థితి వస్తుంది.

అందుకని తెల్లవారుజామున డాక్టరు కొట్టంలో గడ్డిమీద మోకాళ్లమీద కూర్చుంటాడు. పడిన మాయను ముందు తూకం వేస్తాడు. పిల్ల బరువులో పదకొండు శాతానికి దగ్గరలో ఉండాలి, బరువెక్కువైతే జబ్బు సోకి ఉండొచ్చు. తర్వాత దాన్ని నేలమీద ఇంగ్లీషు ఎఫ్ అక్షరంలా పరుస్తాడు. నిలువుగీత నడిమిభాగం, అడ్డగీతలు రెండు కొమ్ములు. లోపలివైపు బయటికి తిరిగి వస్తుంది కాబట్టి తిరగేసి ఎర్రటి వైపు చూస్తాడు. పిల్ల పెరిగిన పెద్ద కొమ్ము సరే. చిన్న కొమ్ము చివరే లోపల చిక్కుకుపోయే చోటు. బకెట్టు నీళ్లు పోసి, ముడతలు విప్పి, సన్నగా గుండ్రంగా మూసుకున్న ఆ కొస దొరికేదాకా వేళ్లతో వెతుకుతాడు. దొరికింది, చిరుగు లేదు. లేచి చేతులు కడుక్కుని గుర్రం కార్డులో రాస్తాడు: మాయ పూర్తిగా వచ్చింది. దాని కిందే, తొమ్మిది రోజుల తర్వాతి తేదీ వేస్తాడు. ఆ వేళకు అది మళ్లీ ఎదకు వస్తుంది.